నెమ్మది నీళ్లు.. ఎవరి చేతుల్లో?

బ్యాటరీ పడవకు సరిహద్దు చెరువులు అనుకూలమే
గాలి, గేటు, గుత్త.. మూడూ చూశాకే మోటారు కొనాలి

ఆటో బ్యాటరీ మీద నడుస్తోంది. స్కూటరు నడుస్తోంది. పొలంలో మందు కొట్టే స్ప్రేయరు కూడా బ్యాటరీదే. మరి పడవ ఎందుకు నడవదు? హోసూరు నుంచి హోస్పేట దాకా, బరంపురం నుంచి యానాం దాకా చెరువులనూ డ్యాములనూ నమ్ముకుని వల వేసేవాళ్లకు, సెలవు రోజున గాలం పట్టుకుని కూర్చునే ఉద్యోగులకు సహజంగానే వచ్చే ప్రశ్న ఇది. నడుస్తుంది. అందులో అనుమానం లేదు. కేరళలో వైక్కం, తవణక్కడవు రేవుల మధ్య వేంబనాడ్‌ సరస్సులో 2017 జనవరిలో ‘ఆదిత్య’ అనే సౌర విద్యుత్‌ పడవ మొదలైంది. దాని మీద 75 మంది ప్రయాణికులు వెళ్లొచ్చు. అంత పడవే నడిచినప్పుడు ఇద్దరు మనుషులు, ఒక వల, పది కిలోల చేపలు మోసే పడవ నడవదా?

చిక్కు పడవలో లేదు, నీళ్లలో ఉంది. చిన్న మోటారుకు నెమ్మదైన నీళ్లు కావాలి. అలలుంటే పోరాడలేదు, ఒరవడి ఉంటే ఎదురెక్కలేదు. సరిహద్దు జిల్లాల్లో చెరువులకు, డ్యాములకు కొదవ లేదు. అయితే ఆ నీళ్లు ఎన్నాళ్లు నెమ్మదిగా ఉంటాయి, ఎవరి మాట మీద ఉంటాయి అన్నది తేల్చేవి మూడున్నాయి. గాలి, గేటు, గుత్త. మొదటిది ప్రకృతి చేతిలో ఉంది. మిగతా రెండూ కాగితాల మీద ఉన్నాయి. ఆ కాగితాలు మనం ఇంట్లో మాట్లాడే భాషలో ఉండవు. అసలు కథంతా అక్కడే.

లెక్క ఇదీ..

ముందు మోటారు సంగతి చూద్దాం. చిన్న పడవ వెనక బిగించే 12 వోల్టుల మోటారు పూర్తి జోరు మీద సుమారు 50 యాంపియర్ల కరెంటు లాగుతుంది. అంటే 600 వాట్లు. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే రకం 100 యాంపియర్‌ అవర్‌ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్‌ అవర్లు. లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి వాడుకోగలిగేది 600. పూర్తి జోరు మీద పోతే గంటలో ఖర్చయిపోతుంది. ఆ గంటలో పడవ పోయేది అయిదారు కిలోమీటర్లు.

అదే వేగం సగానికి తగ్గిస్తే కరెంటు సగమే తగ్గదు. పావు వంతుకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. గంట వచ్చేది నాలుగు గంటలు వస్తుంది. అయిదారు కిలోమీటర్లు పోయేది పది, పన్నెండు పోతుంది. బ్యాటరీ పడవ గుట్టు ఇంతే. తొందరపడేవాడికి అది పనికిరాదు. నిదానంగా పోయి, ఒకచోట ఆగి, వల వేసుకుని వచ్చేవాడికి పనికొస్తుంది.

చార్జింగు ఖర్చు పెద్దదేం కాదు. ఖాళీ అయిన సగాన్ని నింపడానికి యూనిట్‌కు కాస్త అటూ ఇటూ అవుతుంది. యూనిట్‌ ఎనిమిది రూపాయలనుకున్నా పది రూపాయల లోపు మాటే. పెట్రోలు ఒక్క లీటరు ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. అసలు ఖర్చు బ్యాటరీది. లెడ్‌ యాసిడ్‌ అయితే రోజూ వాడకంలో రెండు మూడేళ్లకు మార్చాల్సిందే. పైగా ఒక్కోటి ముప్పై కిలోల దాకా తూగుతుంది. లిథియం బ్యాటరీ అందులో సగం బరువు కూడా ఉండదు, ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు. ధర మాత్రం చేతికి అందదు.

ఇక గాలి. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు పది కిలోమీటర్ల గాలిలో హాయిగా పోయే పడవ, ఇరవై కిలోమీటర్ల ఎదురుగాలిలో ఉన్నచోటే ఊగుతుంది. బ్యాటరీ కరిగిపోతుంది, ఒడ్డు మాత్రం దగ్గరవదు. పెట్రోలు అయిపోతే క్యాన్లోంచి ఇంకో లీటరు పోసుకోవచ్చు. నీళ్ల మధ్య బ్యాటరీ అయిపోతే తెడ్డే గతి. అందుకే నెమ్మది నీళ్లు వెతకడం సరదా కాదు, ప్రాణానికి సంబంధించిన వ్యవహారం.

ఇంకో సంగతి. తుంగభద్ర, కృష్ణ పరివాహకంలో మనవాళ్లు వాడేది పుట్టి. కన్నడిగులు హరిగోలంటారు, తమిళులు పరిసల్‌ అంటారు. ముక్కూ తోకా లేని గుండ్రటి పుట్టికి మోటారు పెడితే గిరగిర తిరుగుతుందే తప్ప సూటిగా సాగదు. కాబట్టి పుట్టి మీద బతికేవాడు మోటారుతో పాటు ఫైబర్‌ పడవ కూడా కొనాలి. ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంత పెట్టాక చేపల హక్కు మనది కాదంటే?

తుంగభద్ర: సముద్రమంత చెరువు

హోస్పేట దగ్గర డ్యాము నిండితే నీరు పరుచుకునేది 378 చదరపు కిలోమీటర్లు. 33 గేట్లు, 1,633 అడుగుల పూర్తి మట్టం. గంగావతి, సింధనూరు వైపు ‘క్యాంపు’ల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ నీళ్లే వరి, ఈ నీళ్లే అన్నం. మ్యాపులో చూస్తే బ్యాటరీ పడవకు ఇంతకన్నా మంచి చోటు ఉండదనిపిస్తుంది.

దగ్గరికెళితే వేరు. అడ్డూ ఆపూ లేని నీటి మీద నైరుతి గాలి కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తుతుంది. జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా డ్యాము నిండే కాలం, గాలి రేగే కాలం ఒకటే. చిన్న మోటారు పడవ నడిమధ్యకు పోవడానికి అది సమయం కాదు. చలికాలం తెల్లవారుజామున మాత్రం నీరు అద్దంలా ఉంటుంది. ఎండ ఎక్కి గాలి లేచేలోపు, పది గంటలకల్లా ఒడ్డుకు చేరేటట్టు లెక్క వేసుకోవాలి. వేసవికి నీరు వెనక్కి జరిగిపోతుంది. నిన్న పడవ కట్టిన రేవు ఈ నెలలో బురద మైదానం. బ్యాటరీ భుజాన వేసుకుని కిలోమీటరు నడవగలరా అన్నది అప్పటి ప్రశ్న.

పూడిక ఇంకో సమస్య. కట్టిన కొత్తలో 130 టీఎంసీలు దాటి పట్టిన జలాశయం పూడిక వల్ల 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. పూడిక పేరుకున్న చోట లోతు తగ్గుతుంది, మోటారు రెక్క మట్టిని తాకుతుంది.

గేటు సంగతి 2024 ఆగస్టు 10 రాత్రి అందరికీ తెలిసొచ్చింది. 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేటు అమర్చడానికి జలాశయంలో నీటిని దించాల్సి వచ్చింది. లక్షలాది ఎకరాల వరికి ఏమవుతుందోనని మూడు రాష్ట్రాలు కంగారుపడ్డాయి. నీటి నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో వారం రోజుల్లోనే స్టాప్‌లాగ్‌ పలకలు దించి నీటిని నిలబెట్టారు. వరి గురించి అందరూ మాట్లాడారు. వల గురించి ఎవరూ మాట్లాడలేదు. అన్ని గేట్లూ ఎత్తి లక్ష క్యూసెక్కులకు పైగా వదిలిన రోజుల్లో డ్యాము ముందు నీరు చెరువు నీరు కాదు, నది. బ్యాటరీ పడవకు అక్కడ చోటు లేదు.

డ్యాము దిగువన పోదామంటే ఇంకో అడ్డు. అక్కడి నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా కర్ణాటక 2015లో ప్రకటించింది. అక్కడ అటవీశాఖ మాట చెల్లుతుంది.

బాబ్లీ: కోర్టు క్యాలెండరు మీద చెరువు

నీటి నెమ్మది కాగితం మీద ఎలా ఉంటుందో చూడాలంటే నాందేడ్‌ జిల్లా ధర్మాబాద్‌ వెళ్లాలి. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద తెలుగు రాష్ట్రం ఏళ్ల తరబడి కోర్టులో పోరాడింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాని ప్రకారం ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. నది తన దారిన శ్రీరాంసాగర్‌కు పోవాలి. అక్టోబరు 29న గేట్లు దించుతారు. మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదులుతారు.

దీన్ని సాగునీటి తగాదాగానే చదివాం. వల వేసేవాడు ఇంకోలా చదువుకోవాలి. జులై నుంచి అక్టోబరు చివరిదాకా అక్కడ ఉండేది పారే నది, దిగడానికి వీల్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బ్యారేజీ వెనక నిలిచిన నీరు, గాలీ తక్కువ. బ్యాటరీ పడవకు అచ్చమైన నాలుగు నెలలు. దేశ అత్యున్నత న్యాయస్థానం తేదీలతో సహా రాసిచ్చిన చెరువు ఇంకెక్కడ దొరుకుతుంది!

అన్ని బ్యారేజీలూ ఇలా మాట మీద నిలబడవు. గడ్చిరోలి జిల్లా సిరొంచ ఎదురుగా మేడిగడ్డ బ్యారేజీ వెనక కూడా నీరు నిలిచింది. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాయి. గేట్లెత్తి నీరంతా వదిలేశారు. ఆ వెనక నీటిని నమ్ముకుని అప్పు చేసి ఎవరైనా పడవ కొని ఉంటే వాళ్ల గతేమిటన్నది ఏ విచారణ నివేదికలోనూ కనిపించే విషయం కాదు.

కోలారు: నీరొచ్చింది, దాంతో ప్రశ్నా వచ్చింది

ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా కోలారు. ముళబాగిలు, శ్రీనివాసపుర, బంగారుపేట వైపు ఏ ఊరికెళ్లినా తెలుగు వినిపిస్తుంది, ఏ ఊరికెళ్లినా చెరువు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఆ చెరువుల్లో కనిపించింది తుమ్మచెట్లే. 2018 జూన్‌లో పరిస్థితి మారింది. బెంగళూరు మురుగు నీటిని రెండు దశల్లో శుద్ధి చేసి కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం, అదే కేసీ వ్యాలీ పథకం కింద కోలారు చెరువులకు పంపడం మొదలైంది. మొదట నీరు చేరింది లక్ష్మీసాగర చెరువుకు. 126 చెరువులు నింపాలన్నది లక్ష్యం.

బ్యాటరీ పడవ లెక్కలో చూస్తే ఇలాంటి పల్లె చెరువే అన్నిటికన్నా మేలు. ఈ కట్ట మీద నుంచి ఆ గట్టు దాకా కిలోమీటరు, కిలోమీటరున్నర. గాలి పరుగెత్తడానికి జాగా లేదు. ఎంత దూరం పోయినా ఒడ్డు కంటికి ఆనుతూనే ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా తెడ్డుతో పావుగంటలో బయటపడొచ్చు. పైగా వాన మీద ఆధారపడని నీరు కాబట్టి ఎండాకాలంలోనూ కొంత నిలుస్తుంది.

అయితే ఆ నీటిలో చేపలు తినొచ్చా? నీరొచ్చిన కొద్ది రోజులకే నురగ కనిపించి వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. మూడో దశ శుద్ధి కూడా చేయాలన్న డిమాండ్‌ కోలారులో చాలాకాలంగా ఉంది. భూగర్భ జలం పెరిగిందని సంతోషించే రైతు ఒక పక్క, ఆ నీరు ఎలాంటిదని అడిగే రైతు ఇంకో పక్క. చేపల విషయంలో చేయాల్సింది తేలికే. ఏ చెరువులో చేపను ఎప్పుడు పరీక్షించారు, ఏం తేలింది అన్నది ఆ ఊరి పంచాయతీ గోడ మీద రాయాలి. అది రాయనంత కాలం జిలేబీ చేప కిలో ఎంతకు అమ్మినా కొనేవాడి మనసులో అనుమానం పోదు. నష్టపోయేది గుత్తదారు కాదు, రోజువారీ పట్టి అమ్ముకునేవాడు.

పొరుగున హోసూరులోనూ ఇదే కథ. దక్షిణ పినాకినిని తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. బెంగళూరు శివార్ల వ్యర్థాలతో వచ్చే ఆ నీరు కెలవరపల్లి డ్యాము దగ్గర తెల్లటి నురగ కక్కడం పలుమార్లు వార్తయింది. దిగువన కృష్ణగిరి డ్యాముకు 2017 నవంబరు 29న ఒక గేటు విరిగింది. నీరు నెమ్మదిగానే ఉంది కదా అని పడవ దించేముందు పైనుంచి ఏం వస్తోందో, కింద గేటు ఎలా ఉందో రెండూ కనుక్కోవాలి.

పులికాట్‌: లోతు లేదు, గీత ఉంది

ప్రళయ కావేరి అని మన పెద్దలు పిలిచిన పులికాట్‌ దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణం కొస తమిళనాడులో. శ్రీహరికోట దీవి అడ్డుండటంతో సముద్రపు అలలు లోపలికి రావు. సగటు లోతు మీటరు. చూపు ఆనినంత దూరం చదునైన నీరు.

ఆ మీటరు లోతే మోటారుకు శత్రువు. రెక్క బురదలో దిగబడుతుంది, నాచు చుట్టుకుంటుంది. అందుకే ఇక్కడ తరతరాలుగా నడిచింది గెడ, తెరచాప. ఉప్పునీరు కాబట్టి మోటారు లోహాన్ని తినేస్తుంది. రోజూ మంచినీళ్లతో కడగాలి, తుప్పు ముందుగా తనమీదికి తీసుకునే జింకు ముక్కను ఎప్పటికప్పుడు మార్చాలి.

అంతకన్నా పెద్ద సంగతి, ఈ నీటికి కంటికి కనిపించని గీతలున్నాయి. ఒకటి రెండు రాష్ట్రాల సరిహద్దు. ఆ గీత దాటి వల వేశారని అటూ ఇటూ మత్స్యకారులు ఘర్షణ పడటం, పడవలు పట్టుకోవడం ఎన్నోసార్లు జరిగింది. రెండోది పక్షుల అభయారణ్యం. ఆంధ్ర 1976లో, తమిళనాడు 1980లో తమ భాగాలను ప్రకటించాయి. మూడోది రాకెట్‌ ప్రయోగం రోజుల్లో భద్రతా ఆంక్షలు. నాలుగోది ‘పాడు’. తమిళనాడు వైపు ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో మత్స్యకార గ్రామాలు తమలో తాము వంతులు వేసుకునే పాత కట్టుబాటు. ఇది ఏ గెజిట్‌లోనూ వెతికితే దొరకదు, కానీ గెజిట్‌ కన్నా గట్టిగా అమలవుతుంది. కొత్త మోటారుతో వచ్చిన కొత్త మనిషి ముందుగా దండం పెట్టాల్సింది ఊరి పెద్దలకు.

చదునైన నీరు ప్రమాదం లేని నీరు కాదనడానికి కూడా పులికాటే సాక్ష్యం. 2011 డిసెంబరు 25న విహారానికి వెళ్లిన వాళ్ల పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. లైఫ్‌ జాకెట్‌ బరువు కిలో కూడా ఉండదు. బ్యాటరీకి వేలు పోసేవాళ్లు దానికి వందలు పోయడానికి వెనకాడకూడదు.

చిలికా: చప్పుడు లేకపోవడమే లాభం

బరంపురం తెలుగువారికి చిలికా పరాయిది కాదు. సరస్సు ముఖద్వారం దగ్గర, సముద్రం ఒడ్డున వేట సాగించే నోలియాలు మాట్లాడేది తెలుగే. ఎండాకాలం 900 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుని, వానల్లో 1,100 దాటి విస్తరించే సరస్సు ఇది. పూడుకుపోతుంటే 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు శాతం కుదుటపడింది, చేపలు పెరిగాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో 1993లో చేరిన చిలికా పేరును 2002లో తీసేశారు.

ఇక్కడ బ్యాటరీ పడవకు ఒక అదనపు విలువ ఉంది. చిలికాలో ఐరావడి డాల్ఫిన్లున్నాయి. అవి దారి చూసుకునేది, తిండి వెతుక్కునేది ధ్వనితో. డీజిల్‌ ఇంజిన్ల రొద వాటికి చీకటితో సమానం. మోటారు శబ్దం తగ్గితే డాల్ఫిన్‌కు మేలు, డాల్ఫిన్‌ను చూడటానికి వచ్చే పర్యాటకుడికి మేలు, పడవ నడిపేవాడికీ మేలు. రెక్క తగిలి గాయమయ్యే ప్రమాదం మాత్రం బ్యాటరీ పడవతోనూ ఉంటుంది, కాబట్టి వేగం తగ్గించక తప్పదు.

చోటు చూసుకుంటే గంజాం జిల్లా వైపు రంభ దగ్గరి నీరు కొండల చాటున ఉంటుంది. ఉత్తరం వైపు నీటి మొక్కలు, పూడిక ఎక్కువ. ముఖద్వారం దగ్గర ఆటుపోట్ల లాగుడు ఉంటుంది, చిన్న మోటారుకు పనికిరాదు. అదీగాక ముఖద్వారం ఒకచోట నిలిచేది కాదు. 2019 మేలో ఫణి తుపాను కొత్త ముఖాలు తెరిచింది. నిరుటి మ్యాపు ఈ ఏడాదికి పనికిరాదు. నలబణ దీవి పక్షుల అభయారణ్యం, అటు పోకూడదు. వేట హక్కులు ప్రాథమిక మత్స్యకార సహకార సంఘాల లీజుల ద్వారా నడిచే చోట, రొయ్యల ఘెరీల ఆక్రమణలపై దశాబ్దాలుగా రక్తం చిందిన చోట, కొత్త పడవ అంటే ముందు అనుమానంగానే చూస్తారు. 1999 మేలో సొరణ గ్రామంలో పోలీసు కాల్పుల్లో మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయింది ఈ ఘెరీల గొడవలోనే.

యానాం మాట క్లుప్తంగా. అక్కడున్నది సరస్సు కాదు, గౌతమి గోదావరి. పోటుకు నీరు ఎగువకు, పాటుకు దిగువకు లాగుతుంది. వరద రోజుల్లో చిన్న మోటారు మాటే ఎత్తకూడదు. వరద లేని రోజుల్లో పోటుతో పోయి పాటుతో తిరిగొచ్చేలా వేళ చూసుకుంటే బ్యాటరీ సగం ఖర్చుతో పని జరుగుతుంది. ఈ వేళలు మన జాలర్లకు ఒకరు నేర్పాల్సినవి కావు.

గుత్త ఎవరిది?

చెరువును కన్నడంలో కెరె అంటారు, తమిళంలో ఏరి, మరాఠీలో తలావ్‌, ఒడియాలో పోఖరి. పేరేదైనా ఒడ్డున అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ నీటి గుత్త ఎవరిది? చెరువు సైజును బట్టి మత్స్యశాఖో, పంచాయతీయో, డ్యామైతే నీటిపారుదల సంస్థో, బోర్డో హక్కు ఇస్తుంది. మామూలుగా ముందు మత్స్యకార సహకార సంఘాలకు, తర్వాత వేలానికి. గాలంతో ఒక్క చేప పట్టినా గుత్తదారు దృష్టిలో అది దొంగతనమే. సరదాగా వెళ్లే ఉద్యోగికి పోయేది చేప. హక్కు కాగితం లేకుండా మోటారు కొన్న కూలీకి పోయేది మోటారు, వల, పడవ.

ఇక్కడే మన సరిహద్దు కష్టం ఉంది. తెలుగు గుత్త కన్నడంలో గుత్తిగె, తమిళంలో కుత్తగై. చెవికి అంతా మన మాటే. కానీ నోటీసు బోర్డు మీద అది వేరే లిపి. తెలుగు వేలం తమిళంలో ఏలం, కన్నడంలో హరాజు, మరాఠీలో లిలావ్‌, ఒడియాలో నిలామ. నాలుగు తరాలుగా అక్కడే ఉన్నవాళ్లు సంతలో బేరమాడేంత భాష ధారాళంగా మాట్లాడతారు. బడికి పోని పెద్దవాళ్లకు, తెలుగు బడిలో నాలుగు తరగతులతో ఆపేసినవాళ్లకు ఆ నోటీసు చదవడం రాదు. వేలం తేదీ తెలిసేసరికి వేలం అయిపోతుంది. సంఘంలో సభ్యత్వానికి గడువు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. చెరువు కళ్లముందే ఉంటుంది, హక్కు మాత్రం అక్షరం వచ్చినవాడి జేబులో ఉంటుంది.

చట్టం కూడా మోటారు బిగించగానే మారుతుంది. 2021లో పార్లమెంటు చేసిన అంతర్గత జల నౌకల చట్టం 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్‌, తనిఖీ అనేవి ఆ చట్టంలో ఉన్నాయి. తెడ్డుతో నడిచినంత కాలం ఎవరూ పట్టించుకోని పడవ, చిన్న మోటారు తగిలించిన మరునాడు ‘మర పడవ’ అవుతుందా? ఏ సైజు దాకా మినహాయింపు? చెరువులో వల వేసే చిన్న పడవకు ఏది వర్తిస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది. నోటిమాట రేపు ప్రమాదం జరిగితే నిలబడదు.

రాయితీ ఎవరికి?

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు ఇచ్చే అంశం ఉంది. సాధారణ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం అన్నది అందులో పెట్టిన లెక్క. డీజిల్‌ రాయితీ అంటే అధికారులకు గుర్తొచ్చేది సముద్రంలోకి పోయే మర పడవ. బ్యాటరీ రాయితీ అంటే గుర్తొచ్చేది రోడ్డు మీద బండి. ఈ రెంటికీ మధ్య, చెరువులో తెడ్డు వేసేవాడు ఏ జాబితాలోనూ పూర్తిగా ఇమడడు.

నిజానికి ప్రభుత్వం పెద్దగా ఖర్చు పెట్టాల్సిన పని లేదు. కట్ట మీద ఒక సౌర పలకల షెడ్డు, నాలుగు చార్జింగ్‌ పాయింట్లు, సంఘం పేరు మీద పది బ్యాటరీలు. పొద్దున తీసుకెళ్లి మధ్యాహ్నం తిరిగి అప్పగించే పద్ధతి పెడితే ఎవరూ సొంతంగా బ్యాటరీ కొననక్కర్లేదు. పాడైతే సంఘం మారుస్తుంది. పాత లెడ్‌ బ్యాటరీలు చెరువు గట్టున పారేసే ప్రమాదమూ తప్పుతుంది. మొదట గాలి తాకిడి లేని, ఒడ్డు దగ్గరున్న పల్లె చెరువుల్లో చేసి చూడాలి. తుంగభద్ర లాంటి చోట తర్వాత ఆలోచించవచ్చు.

దాంతోపాటు రెండు పైసా ఖర్చులేని పనులున్నాయి. చేపల హక్కుల వేలం నోటీసు, గేట్లు ఎత్తే తేదీలు, నీటి పరీక్ష ఫలితం రాష్ట్ర భాషతో పాటు తెలుగులోనూ కట్ట మీద బోర్డు పెట్టడం ఒకటి. ఎక్కడ తెలుగువాళ్లు ఎక్కువున్నారో ఏ పంచాయతీకైనా తెలుసు. రెండోది మన సంఘాల పని. ఉగాదికి, కార్తీక వనభోజనాలకు కలిసే తెలుగు సంఘాలు అక్షరం వచ్చిన ఇద్దరు కుర్రాళ్లను చెరువు పక్క ఊళ్లకు పంపి నోటీసులు చదివి చెప్పిస్తే, అది నాటకం పోటీకన్నా తక్కువ సేవేం కాదు.

దిగే ముందు..

ఇవన్నీ జరిగే దాకా ఆగలేనివాళ్లు కనీసం ఇవి చూసుకోవాలి.

- గుత్త ఎవరిదో, మీకు అనుమతి ఉందో కాగితం మీద తేల్చుకోండి. అభయారణ్యం హద్దు ఎక్కడో అటవీశాఖను అడగండి.
- గేట్లు ఎప్పుడు ఎత్తుతారో, ఎగువన వాన ఎలా ఉందో తెలియకుండా డ్యాములో దిగొద్దు. గేట్ల దగ్గరికి అసలే పోవద్దు.
- వేట తెల్లవారుజామునే. గాలి లేచిన సూచన కనబడితే వెనక్కి తిరగండి. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి ఉండేలా దారి ఎంచుకోండి.
- బ్యాటరీలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి. మిగతా మూడో వంతు ముట్టకండి. తెడ్డు పడవలోనే ఉండాలి.
- ముందుగా గెడతో లోతు చూడండి. గుర్రపుడెక్క, పాత వలల ముక్కలు ఉన్నచోట మోటారు పైకెత్తి తెడ్డు వాడండి.
- బ్యాటరీని పడవ నడుమ, అడుగున, తడవకుండా పెట్టెలో కట్టండి. అంచున పెడితే పడవ ఒరుగుతుంది.
- వానలు మొదలయ్యాక చేప గుడ్లు పెట్టే నెలల్లో చాలాచోట్ల వేట నిషేధం. తేదీలు రాష్ట్రానికో రకం, కనుక్కోండి.

నిలకడ మీద నిజం తెలుస్తుందంటారు. నీళ్ల నిలకడ చూసి మోసపోకుండా, ఆ నిలకడ ఎవరు రాసిస్తే వచ్చిందో, ఎప్పటిదాకా ఉంటుందో చదువుకుని దిగేవాడికి బ్యాటరీ పడవ నిజంగానే లాభం. చదువుకోవడానికి వీలుగా ఆ రాత అతని భాషలో కూడా ఉండేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత.